కుటుంబ ఆరోగ్య చరిత్ర – ఆటోఇమ్యూన్ వ్యాధులు

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి శరీరంపైనే దాడి చేసినప్పుడు ఆటోఇమ్యూన్ వ్యాధులు కలుగుతాయి. ఒకే కుటుంబంలో ఇవి వేర్వేరు రూపాలు దాల్చవచ్చును: తల్లికి థైరాయిడ్ లోపం, మేనత్తకు బొల్లి, కుమార్తెకు రుమటాయిడ్ కీళ్లవాతం. సంబంధం లేనివని తలచి వీటిని వైద్యునికి చెప్పకుండా విడిచిపెట్టరాదు. వంశపారంపర్యంగా వచ్చేది వ్యాధి కాదు, దానికి లోనయ్యే అవకాశం మాత్రమే. ఒకే అండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి ఈ కీళ్లవాతం ఉన్నా, రెండవవారికి వచ్చేది సుమారు 15 శాతం సందర్భాలలోనే. పొగతాగడం ముప్పును పెంచుతుంది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పట్టణాలలో స్థిరపడినవారు స్వగ్రామం వెళ్లినప్పుడు తల్లివైపు, తండ్రివైపు పెద్దలను అడిగి, ఎవరికి ఏ వయసులో ఏ వ్యాధి వచ్చిందో వ్రాసి ఉంచుకోవాలి. మేనరికపు ఇళ్లలో ఆ రెండు వైపులూ ఒకటే కావచ్చును. ఉదయం లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుపోవడం కొన్ని వారాలుగా సాగుతుంటే, ఆ చీటీతో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి.