దుమ్ము పుట్టినచోటే పట్టాలి

ఏరా అబ్బాయ్, సర్ఫేస్ గ్రైండర్ మీద చెయ్యి తిరుగుతోందట, సంతోషం. రవ్వలకు భయపడే వయసు నీది. నా అనుమానం మాత్రం కంటికి కనబడని దాని మీదే.

రవ్వంటే మండుతున్న ఉక్కు రజను. కాస్త దూరం ఎగిరి కింద పడుతుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ పొడిలో తిప్పి చూడు. ఉక్కంతా అంటుకుంటుంది. మిగిలేది చాలావరకు గ్రైండర్ సానరాయి నుంచి రాలిన అల్యూమినియం ఆక్సైడ్. ఇందులో సన్నటిదే మొండి ఘటం. కణం సైజు పదో వంతైతే, అది కిందికి దిగే వేగం నూరో వంతవుతుంది. నీటంత సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల కణం నిలకడగా ఉన్న గాలిలో 2 మీటర్లు దిగడానికి పదకొండు నిమిషాలు చాలు. 1 మైక్రాన్ కణానికి పదిహేను గంటలు దాటుతుంది. రాతి కణం అంతకంటే బరువే, ఇంకా త్వరగా దిగుతుంది. అయినా గంటల తరబడి నీ ముక్కు దగ్గరే తిరుగుతుంటుంది. ఊపిరితిత్తుల అడుగుకి చేరేదీ అదే.

వాక్యూమ్ ఉందిగా అంటావు. ఎక్కడ పెట్టారు? దీపాన్ని ఊది ఆర్పగలవు, నోటితో గాలి పీల్చి ఆర్పు చూద్దాం! ఊదిన గాలి ఒకే వైపు దూసుకుపోతుంది. పీల్చినప్పుడు గాలి నలువైపుల నుంచీ వస్తుంది. అందుకే గొట్టం వ్యాసమంత దూరం జరిగేసరికి పీల్చే వేగం దాదాపు పదో వంతుకి పడిపోతుంది. జానెడు దూరంలో పెట్టిన సన్న గొట్టం మోత మోగించడానికే పనికొస్తుంది. గొట్టం మూతిని రవ్వలు ఎగిరే వైపు, రాయికి తగలకుండా బాగా దగ్గరగా బిగించు. టేబుల్ కదలికకి అడ్డం రాకుండా చూసుకో.

డైమండ్‌తో రాయిని డ్రెస్సింగ్ చేసి పదునెక్కించేటప్పుడు లేచేది అచ్చంగా రాతి పొడే. జనం వాక్యూమ్ ఆపేది కూడా సరిగ్గా అప్పుడే, చిన్న పనేగా అని. ఎయిర్‌గన్‌తో చక్ మీద ఊదడం అంతకంటే తప్పు. దుమ్ము గాలిలోకీ పోతుంది, స్లైడుల్లోకీ పోయి మెషిన్‌ని అరగదీస్తుంది. తడిగుడ్డతో తుడువు.

కూలెంట్ ఉంటే సగం బాధ తీరుతుంది. కాకపోతే ఆగి ఉన్న రాయి మీద దాన్ని వదలకు. రాయి ఒకవైపే తడి పీల్చుకుని, తిప్పినప్పుడు ఊగుతుంది. కూలెంట్ కట్టేశాక రాయిని కాసేపు ఉత్తినే తిరగనివ్వు.

తడి లేకపోతే ఏమవుతుందో చూడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో కత్తులు, ఫోర్కులు ఇసుకరాయి మీద సానపట్టేవాళ్లు. నీళ్లు లేకుండా ఫోర్కులు పట్టినవాళ్లలో చాలామంది నలభై దాటలేదు. ఇసుకరాయిలోని సిలికాయే కారణం. ఆర్నాల్డ్ నైట్ అనే డాక్టరు 1830లోనే వాళ్ల ఊపిరితిత్తుల జబ్బు గురించి రాశాడు. ఇప్పటి రాళ్లు ఇసుకవి కావు, ఆ ప్రమాదం బాగా తగ్గింది. అలాగని ఈ పొడి పీల్చదగ్గదేం కాదు, గొట్టం ఉన్నా మాస్కు పెట్టుకో.

ఇంకో మాట. కర్రపొట్టు పీల్చే మెషిన్‌కి గ్రైండర్ గొట్టం తగిలించకు, ఒక్క రవ్వకే సంచి అంటుకుంటుంది. అల్యూమినియం జాబ్ వస్తే ఇంకా జాగ్రత్త. దాని పొడి ఇనుప తుప్పుతో కలిసినచోట రవ్వ పడితే భగ్గుమంటుంది. వేరే గొట్టం, వేరే డబ్బా ఉన్నాయో లేదో మీ ఫోర్‌మన్‌గారిని అడిగాకే స్విచ్ వెయ్యి.