బోదురుకప్పలలో స్వజాతి భక్షణ

తొలకరి వానలకు విశాఖపట్నం పరిసరాలలోని వరి మడులలో, తాత్కాలిక నీటి గుంటలలో బోదురుకప్ప (హోప్లోబాట్రాకస్ టైగరైనస్) గుడ్లు పెడుతుంది. పలు కప్పజాతుల తోకకప్పలు నాచు గీరి తినగా, దీని తోకకప్పలు గట్టి దవడలతో తోటివాటినే పట్టి తింటాయి. ముందుగా పుట్టి పెరిగినవాటికి ఆలస్యంగా పుట్టినవి ఆహారమవుతాయి. గుంటలో నీరు తగ్గి రద్దీ పెరిగేకొద్దీ ఇది తీవ్రమవుతుంది; తిన్నది వేగంగా ఎదిగి, నీరు ఇంకకముందే ఒడ్డెక్కగలుగుతుంది. దీనిని క్రూరత్వమనడం సరికాదు.

చేలలో పురుగులను విస్తారంగా తినే ఈ కప్పల రక్షణకు తోడ్పడేలా కప్పకాళ్ల ఎగుమతిని భారతదేశం 1987లో నిషేధించింది. అయితే విశాఖ నుండి ఓడలు వెళ్లే అండమాన్‌లో ఇదే కప్ప పరాయి జాతి. అక్కడ దీని తోకకప్పలు స్థానిక కప్పల తోకకప్పలను తినివేస్తాయని 2019లో వెలువడిన పరిశోధన చూపింది. కనుక చేపపిల్లలను దీవులకు పంపేటప్పుడు తోకకప్పలను ఏరివేయడం అవసరం.