మాయ ముక్క మిగిలిందేమో!

కాన్పయి ఇంటికొచ్చాక తగ్గుతున్న రక్తస్రావం మళ్లీ ఎక్కువైతే చాలా ఇళ్లలో ‘చెడు రక్తం పోతోందిలే, పోనివ్వండి’ అంటారు. ఆ మాట నమ్మి రోజులు గడపకండి. గర్భసంచిలో మాయ ముక్క మిగిలిపోయి ఉండొచ్చు.

మాయ పూర్తిగా బయటికొస్తేనే గర్భసంచి గట్టిగా ముడుచుకుని, తెరచుకున్న రక్తనాళాలు మూసుకుంటాయి. చిన్న ముక్క మిగిలినా ఇది సరిగా జరగదు. రక్తస్రావం ఆగదు, ఇన్‌ఫెక్షనూ రావొచ్చు. సిజేరియన్ తర్వాతా, గర్భస్రావం తర్వాతా ఈ ఇబ్బంది తలెత్తొచ్చు. డాక్టరుకు చూపించుకోకుండా మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొని వేసుకుంటే, లోపల ఏమైనా మిగిలిందేమో తెలియను కూడా తెలియదు.

గుర్తించేదెలా?

కాన్పు తర్వాత స్రావం ఎర్రగా మొదలై, క్రమంగా గోధుమరంగుకు, తర్వాత తెలుపుకు మారుతూ సాధారణంగా 4-6 వారాల్లో ఆగిపోతుంది. గర్భస్రావమైతే చాలామందిలో 2 వారాల్లో తగ్గుతుంది. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు:

• తగ్గిన రక్తస్రావం మళ్లీ పెరగటం, గడ్డలు పడటం
• స్రావం దుర్వాసన రావటం
• పొత్తికడుపులో నొప్పి
• 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం, చలి

గంటకో ప్యాడ్ చొప్పున వరసగా 2 గంటలు తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా వెంటనే 108కు ఫోన్ చేయండి.

పరీక్షలు, చికిత్స

అల్ట్రాసౌండ్ స్కాన్ ముఖ్యం. డాప్లర్‌లో ఆ ముక్కకు రక్తప్రసారం ఉందో లేదో చూస్తారు. ఒక్కోసారి రక్తపు గడ్డ కూడా మాయ ముక్కలాగే కనిపిస్తుంది. కాబట్టి రిపోర్టులో ‘ఏదో మిగిలింది’ అని రాగానే క్లీనింగ్ చేయాల్సిందేనని కాదు. ప్రెగ్నెన్సీ కిట్‌ను నమ్ముకోవద్దు. ఏమీ మిగలకపోయినా కొన్ని వారాలు పాజిటివ్ రావొచ్చు.

రక్తస్రావం తక్కువగా ఉండి, జ్వరం లేకపోతే కొద్దిరోజులు గమనిస్తారు. గర్భస్రావం తర్వాతైతే మాత్రలతోనూ బయటికి పంపొచ్చు. రక్తస్రావం ఎక్కువున్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా యాంటీబయాటిక్స్ ఇచ్చి, సక్షన్‌తో గానీ హిస్టరోస్కోపీతో గానీ తీసేస్తారు. పదేపదే గీకి క్లీనింగ్ చేస్తే గర్భసంచి గోడలు అతుక్కుని, నెలసరి తగ్గటం, తర్వాత గర్భం దాల్చటం కష్టమవటం వంటి చిక్కులు రావొచ్చు. తీసిన ముక్కను బయాప్సీకి పంపారో లేదో అడగండి. గర్భస్రావమైన వారిది నెగెటివ్ బ్లడ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతీ డాక్టరుకు గుర్తుచేయండి.

సకాలంలో చికిత్స తీసుకుంటే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కానీ బాలింతలు సిగ్గుతోనో, బిడ్డ పనిలో పడో చెప్పరు. ప్యాడ్లు ఎన్ని మారుస్తున్నారో ఇంట్లోవాళ్లే అడగండి.