అడవి నిప్పు – ఊరి ముప్పు



కార్చిచ్చు మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. భారతమున ఖాండవదహనము కలదు. దావానలము చుట్టుముట్టగా గోపాలకులు శ్రీకృష్ణుని శరణు జొచ్చిన కథ భాగవతమున కలదు. ఆ గోపాలకులకు దిక్కైనవాడు దేవుడు. నేడు అనేక దేశములయందు పెద్దయడవులు సర్కారు వశమున నున్నవి. వాని యంచున ఊళ్ళు వెలసినవి. అడవి అంటుకొన్నపుడు ఆ యూళ్ళవారు మొఱపెట్టుకొనునది ప్రభుత్వమునకే. కావున, సర్కారు తన యడవిని ఏ విధముగ పాలించినచో ఊరికి ముప్పు తగ్గును అను ప్రశ్న అటవీశాఖవారికి మాత్రమే చెందినది కాదు, పౌరులందఱును ఆలోచింపదగినది. ఈ విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమభాగము నూఱేండ్లకు పైగా పొందిన అనుభవమును నేడు మీకు మనవి చేయదలచినాను.

ఆ దేశమున అటవీశాఖ 1905వ సంవత్సరమున ఏర్పడెను. నేడు దాని యధీనమున ఇంచుమించు 19 కోట్ల 30 లక్షల ఎకరముల భూమి కలదు. శాఖ పుట్టిన ఐదేండ్లకే, 1910 ఆగస్టు 20, 21 తేదీలలో, ఐడహో, మోంటానా ప్రాంతములయందు పెనుగాలి వీచి, అంతకుముందే అక్కడక్కడ రగులుచున్న మంటలను ఒక్కటి చేసెను. రెండు దినములలో ఇంచుమించు 30 లక్షల ఎకరములు దగ్ధమయ్యెను. ఎనుబదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది మంట లార్పబోయినవారే.

ఈ దుఃఖమునుండి అధికారులు గ్రహించిన నీతి యొక్కటే: అడవికి నిప్పు శత్రువు, కనబడిన నిప్పునెల్ల ఆర్పవలయును. 1935లో శాఖవారు ఒక నియమము చేసిరి. ఎచట నిప్పు కనబడినను మఱునాటి ఉదయము 10 గంటలలోపల దానిని అదుపులోనికి తేవలయును. 1940 నుండి విమానములలో పోయి, పారాచూట్లతో మంటల దగ్గఱకు దుమికి ఆర్పువారు సిద్ధపడిరి. 1944 నుండి టోపీ పెట్టిన ఎలుగుబంటి బొమ్మ యొకటి, అడవికి నిప్పు తగులనీయకుడని బాలురకును పెద్దలకును బోధింప మొదలిడెను.

ఈ కథలో మన దేశమునకును కొంత సంబంధము కలదు. భారతదేశపు అటవీశాఖకు తొలి యినస్పెక్టరు జనరలు డీట్రిక్ బ్రాండిస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. అమెరికా అటవీశాఖకు తొలి యధిపతియైన గిఫర్డ్ పించోట్ యువకుడుగా ఐరోపాలో విద్య నేర్చునపుడు ఈయన సలహాలు పొందెను. నిప్పును అడవినుండి తొలగింపవలెనను యత్నము మన దేశమున 1860 దశకముననే ఆరంభమయ్యెను. కాని అప్పుడు మన దేశములో భాగముగానున్న బర్మాలో టేకు అడవులను, బెంగాలు, అస్సాములలో గుగ్గిలపు చెట్ల యడవులను కాపాడుచున్న ఉద్యోగులు ఒక వింత గమనించిరి. నిప్పును బొత్తిగా ఆపిన చోట్ల పొదలు దట్టమై, ఏ చెట్ల కొఱకై కాపాడుచున్నారో ఆ చెట్ల మొలకలే పైకి రాలేదు. అందుచే 20వ శతాబ్ది తొలి దశకములలో కొన్ని చోట్ల వారే తిరిగి తమ చేతులతో నిప్పు పెట్టసాగిరి. అమెరికావారికి ఈ బుద్ధి కలుగుటకు ఇంకను చాల కాలము పట్టెను. ఉదయము 10 గంటల నియమమును వారు విడిచినది 1978లో.

నిప్పు నార్పుట మేలే కదా, అందు తప్పేమి అని మీరడుగవచ్చును. దీనికి సమాధానము చెట్లే చెప్పుచున్నవి. పశ్చిమ అమెరికాయందు పాండెరోసా పైను అను వృక్షము విస్తారముగ పెరుగును. మన సంస్కృత గ్రంథములలోని సరళవృక్షపు జాతియే యిది. దీని బెరడు మిక్కిలి మందము. పండిన మాను నఱికి లోపలి వలయములను లెక్కించినచో, ఏయే యేండ్లలో నిప్పు దానిని తాకినదో మచ్చలవలన తెలియును. అనేక ప్రాంతములలో ఐదేండ్లకో, పదేండ్లకో, ఇరువదియేండ్లకో ఒకమారు నిప్పు వచ్చి పోయినట్లు ఈ మచ్చలు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ నిప్పు చెట్టును చంపలేదు. నేలమీది గడ్డిని, రాలిన యాకును, లేత మొక్కలను కాల్చి పోయినది.

అందు కొంత పిడుగుల వలన పుట్టినది. కొంత అచటి ఆదిమవాసులు పెట్టినది. కాలిఫోర్నియాలోని యురోక్, కరూక్ జాతులవారు బుట్టలల్లుటకు నిడుపైన లేతకొమ్మలు వచ్చుటకై పొదలను అదను చూచి కాల్చుచుండిరి. 1850లో కాలిఫోర్నియా చేసిన శాసన మొకటి పచ్చికబయళ్ళకు నిప్పు పెట్టుటను శిక్షార్హమైన నేరముగ నెంచెను. ఆదిమవాసుల నిప్పు శాసనముచే ఆగెను. పిడుగుల నిప్పు అటవీశాఖచే ఆగెను.

అట్లు ఆగిన చోట జరిగిన దేమి? వెనుక ఎకరమునకు కొలది పెద్దచెట్లు మాత్రమే యున్న తావున సన్నచెట్లు వందలకొలది లేచినవి. రాలిన యాకు మోకాలి లోతు పేరుకొన్నది. నిప్పు రెండు విధములుగ నడచును. నేలమంట గడ్డిని కాల్చుచు నడుచును; మనిషి దానిని దగ్గఱకు పోయి ఆర్పగలడు. కొనమంట చెట్ల తలలమీదుగా పరువెత్తును. దాని యెదుట ఎవడును నిలువలేడు. నేలమంట కొనకెక్కుటకు నిచ్చెన కావలయును. నడుమ పెరిగిన పొదలును, పిల్లచెట్లును, క్రిందికి వ్రేలాడు ఎండుకొమ్మలును ఆ నిచ్చెన మెట్లే. చిన్ననిప్పులను మానక ఆర్పుచు వచ్చినందున, పెద్దనిప్పునకు కావలసిన కట్టెను అడవిలోనే కూర్చిపెట్టినట్లయ్యెను. దీనికి తోడు వాతావరణము వేడెక్కుచుండుటచే ఎండకాలము దీర్ఘమై, ఆ కట్టె మునుపటికంటె త్వరగా ఎండుచున్నది.

కావున నేడు శాస్త్రజ్ఞులు చెప్పు మార్గమిది. మొదట, పెద్దచెట్లను నిలిపి సన్నచెట్లను నఱికి అడవిని పలుచన చేయవలయును. పిదప, నేలమీది చెత్తను ఏర్పాటు ప్రకారము కాల్చవలయును. దీనిని నియమిత దహనమందము. ఇది తోచినపుడు అగ్గిపుల్ల గీయుట కాదు. గాలివేగ మెంత, గాలిలో తేమ యెంత, పుల్లలలో తడి యెంత, పొగ యే యూరివైపు పోవును, నిప్పు హద్దు దాటినచో ఆర్పుటకు మనుష్యు లెందఱు అను విషయములను ముందుగా వ్రాసికొని, అవి యన్నియు కుదిరిన దినముననే కాల్చుదురు. ఒక్కటి కుదరకున్నను ఆ దినము పని మానుకొనవలసినదే.

ఈ రెండు పనులలో రెండవదానిని విడిచి మొదటిదే చేసిన చాలదు. 2021లో ఓరెగాన్ రాష్ట్రమున బూట్‌లెగ్ అను కార్చిచ్చు వచ్చినపుడు, పలుచన చేసి కాల్చియు నుంచిన తావులలో మంట క్రిందికి దిగి, చెట్లు పెక్కు బ్రతికినవి. నఱికి కాల్చక విడిచిన తావులలో నష్టము హెచ్చుగా నుండెను.

అదే సంవత్సరము కాలిఫోర్నియాలో వచ్చిన కాల్డోర్ కార్చిచ్చు రెండు ఊళ్ళ గతిని మనకు ప్రక్కప్రక్కన చూపినది. ఆగస్టు 14న పుట్టిన ఆ నిప్పు మూడు దినములలో గ్రిజ్లీ ఫ్లాట్స్ అను చిన్నయూరిని తాకి, 400కు పైగా ఇండ్లను బూడిద చేసెను. ఆ యూరి చుట్టునున్న సర్కారు అడవిని పలుచన చేసి కాల్చవలెనని అటవీశాఖవారు ఏండ్ల తరబడి ఆలోచించిరి, ప్రణాళిక వ్రాసిరి. నిప్పు వచ్చునాటికి అందు స్వల్పభాగమే నెఱవేరినది. తరువాత రెండు వారములకు అదే నిప్పు కొండకొనలు దాటి టాహో సరస్సువైపు దిగెను. ఇరువదివేలమందికి పైగా ఇండ్లు విడిచి వెడలిరి. అచట ఊళ్ళ చుట్టు అడవిని అనేక సంవత్సరములుగ పలుచన చేయుచు వచ్చిరి. 150 అడుగుల యెత్తున వచ్చుచున్న మంటలు ఆ తావు చేరగనే 15 అడుగులకు దిగినవని అచటి యుద్యోగులు చెప్పిరి. ఆర్పువారు దగ్గఱకు పోగలిగిరి. మేయర్స్ అను ఊరు నిలిచెను. గాలి మారుటయు, ఆర్పువారు పెక్కుమంది చేరుటయు ఇందుకు తోడ్పడినవి. ఐనను పలుచని యడవి లేనియెడల ఎందఱు చేరియు చేయగలిగినది కొంచెమే.

ఈ మార్గమునకు ప్రమాదములు లేవని నేను చెప్పను. 2022లో న్యూ మెక్సికో రాష్ట్రమున ఏప్రిల్ 6వ తేదీని అటవీశాఖవారే పెట్టిన నియమిత దహనము గాలికి హద్దు దాటెను. జనవరిలో కాల్చిన కట్టెకుప్ప యొకటి మంచు క్రింద మూడు నెలలు నివురుగప్పి యుండి, అదియు లేచి దానితో కలిసెను. ఇంచుమించు 3 లక్షల 41 వేల ఎకరములును, వందలకొలది ఇండ్లును కాలిపోయినవి. తాము పెట్టు నిప్పులలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా హద్దులోనే యుండునని శాఖవారు చెప్పుదురు. అది నిజమే. కాని ఇల్లు పోగొట్టుకొన్నవానికి ఆ లెక్క యోదార్పు కాదు. అందుచే శాఖవారు మూడు నెలలు ఈ పనిని ఆపి తమ పద్ధతులను పరీక్షించుకొనిరి. నష్టపరిహారమునకై అదే సంవత్సరము శాసనము చేయబడెను. సర్కారు నిప్పు పెట్టునపుడు దాని బాధ్యతయు సర్కారే వహించుట న్యాయము.

మఱియొక యాక్షేపణ కలదు. పలుచన చేయుట యను నెపమున కలపవర్తకులు పెద్దచెట్లను కొట్టుకొని పోవుదురని కొందఱి భయము. ఇది త్రోసివేయదగినది కాదు. నిప్పునకు నిచ్చెనయగు సన్నచెట్టునకు అంగడిలో వెల లేదు. వెలగల పెద్దచెట్టు నిప్పునకు లొంగదు. కావున ఈ పనిని లాభముతో కొలువరాదు. ఊరి రక్షణకై పెట్టు వ్యయముగ నెంచవలయును.

వ్యయమును గూర్చి ఒక్క లెక్క చాలును. 1995లో అమెరికా అటవీశాఖ ఆదాయవ్యయ పట్టికలో మంటలకై పెట్టినది నూటికి 16 పాళ్ళు. 2015 నాటికి అది సగమును మించెను. ఆర్పుటకు ధనమంతయు పోగా, నివారణకు మిగులునది తగ్గెను. నివారణ తగ్గగా మంటలు మఱింత పెరిగెను. ఈ చక్రమును త్రెంచుటకు ఆర్పుడు వ్యయమునకు వేఱుగ నిధి నేర్పఱచుచు 2018లో శాసనము చేసిరి. రాబోవు పదేండ్లలో సర్కారు అడవులయందు అదనముగ 2 కోట్ల ఎకరములలో ఈ పని చేయవలెనని 2022లో సంకల్పించిరి.

ఇక చివరి మాట ఇంటివారికి. అడవిని ఎంత చక్కపఱచినను, ఇల్లు తానే కట్టెమోపువలె నున్నచో దక్కదు. జాక్ కోహెన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1990 దశకము చివర కెనడాలో చెక్కగోడలను నిలిపి, ఎదుటి యడవికి నిప్పు పెట్టి చూచిరి. 10 మీటర్ల దూరమునందలి గోడలు కొన్ని అంటుకొన్నవి. 30 మీటర్ల దూరమునందలివి మాడనైన లేదు. ఐనచో దూరపుటిండ్లు ఎట్లు కాలును? గాలి మోసికొని వచ్చు నిప్పురవ్వల వలన. కప్పుమీది యెండుటాకు, చూరు క్రింది కట్టెలు, గోడకు చేరవేసిన చెత్త వానికి చాలును. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణము చుట్టుపట్లతో కూడ కాలినపుడు 85 మంది మరణించిరి. 18 వేలకు పైగా కట్టడములు నశించినవి. బూడిదయైన ఇండ్ల ప్రక్కనే పచ్చని చెట్లు అనేకము నిలిచియుండెను. వెలుపలికి పోవు త్రోవలు కొలదియే యగుటచే జనులు బండ్లలో చిక్కుకొనిరి. కావున కప్పు, పెరడు, త్రోవ అను మూడును అడవితోపాటు చూడదగినవి. మన తెలుగువారు అనేకులు కాలిఫోర్నియాలో గృహములు కట్టుకొని యున్నారు. ఇంటి చుట్టు 100 అడుగుల మేర ఎండుచెత్త లేకుండ నుంచవలెనని కొండ, అడవి ప్రాంతములకు అచట శాసనమున్నది. వారికిది కేవలము శాసనము కాదు, ప్రాణరక్ష.

అమెరికావారి మందును మన నల్లమలకు అట్లే వాడుడని నేను చెప్పుట లేదు. మన యడవులు ఆకురాల్చునవి. ఇచట వేసవి నిప్పు సాధారణముగ రాలిన యాకులో ప్రాకు నేలమంటయే. అందు చాల భాగము మనుష్యులవలన పుట్టునది: ఇప్పపూవు ఏరువారు ఆకును కాల్చుట, పశువుల కాపరులు లేతగడ్డికై నిప్పు పెట్టుట, బాటసారి పాఱవేసిన చుట్టపీక. ఇచట వేసవి రాకమునుపే అగ్గిగీతలను శుభ్రము చేయుట, కావలివారిని నియమించుట ముఖ్యము. నేడు ఉపగ్రహములు నిప్పును పసిగట్టి అటవీశాఖవారికి తెలుపుచున్నవి. ఐనను ఆ వార్త యందిన పిదప కొమ్మ పట్టుకొని మంట నార్పువాడు ఆ గూడెపు మనిషే. ఆ చెంచు పెద్దను, ఆ పసులకాపరిని, ఎప్పుడు ఎచట ఏల నిప్పు పెట్టుదురో అడిగి తెలిసికొని, వారితో కలిసి ఏర్పాటు చేయుట మొదటి పని. యురోక్, కరూక్ జనులను ఆ మాట అడుగుటకు అమెరికావారికి నూఱేండ్లకు పైగా పట్టెను. మనకు అంత కాలము పట్టనవసరము లేదు.