సోమరిపోతు అన్నది నేనే



నౌపడ ఉప్పుమడుల్లో పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్ల అలసట మనకు కొత్త కాదు. కడుపునిండా తిని పడుకుంటే తెల్లారేసరికి పోతుంది. ఎంత నిద్రపోయినా పోని అలసట ఇంకొకటుంది. దాన్ని నా స్నేహితుడిలో రోజూ చూస్తూ కూడా నేను గుర్తించలేదు.

డిగ్రీలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. స్టడీ అవర్‌లో వాడు చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదివేవాడు. "సోమరిపోతు" అని పేరు పెట్టింది నేనే. చివరి ఏడాది రక్తదానం చేస్తే హెపటైటిస్-సి ఉందని తేలింది. కళ్లు పచ్చబడలేదు, కడుపునొప్పి లేదు. ఈ వైరస్ అంతే, ఏళ్ల తరబడి కాలేయంలో చప్పుడు చేయకుండా ఉంటుంది.

కాలేయంలో జబ్బుంటే మెదడుకేమిటి అంటారా? జ్వరమొస్తే దేనిమీదా మనసు పోక, దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది కదా. వైరస్‌తో పోరాడే కణాలు సైటోకైన్లు అనే రసాయనాలను వదులుతాయి. పడుకోమని మెదడుకు కబురు పెట్టేవి అవే. మామూలు జ్వరంలో ఆ కబురు నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. దీర్ఘకాలపు జబ్బులో సన్నగా అందుతూనే ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనసును, నిద్రను నడిపే సెరటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్‌ను కూడా ఈ పోరాటం పక్కదారి పట్టిస్తుంది. 2001లో లండన్ పరిశోధకులు జబ్బు ముదరని హెపటైటిస్-సి రోగుల మెదళ్లను ప్రత్యేకమైన స్కాన్‌తో చూస్తే, క్రియాటిన్‌తో పోల్చినప్పుడు కోలిన్ అనే పదార్థం పాలు ఎక్కువగా కనిపించింది. కాలేయం పెద్దగా చెడకపోయినా అలసట ఉండవచ్చన్నమాట.

కాలేయం గట్టిపడిపోయాక వచ్చే మగత వేరు. అమ్మోనియా వంటివి రక్తంలో పేరుకుని మనిషి తికమకపడతాడు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకప్పుడు వాడిన ఇంటర్‌ఫెరాన్ సూదులే నీరసాన్నీ దిగులునూ పెంచేవి. ఇప్పుడు చాలామందికి మూడు నెలల మాత్రలతో సరిపోతుంది, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. సి-కి టీకా లేదు. బి-కి ఉంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేసి సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది.

తమ్ముళ్లూ, ఒకే పళ్లెంలో తిన్నా, పక్కన పడుకున్నా ఇది అంటుకోదు. రక్తం ద్వారా అంటుతుంది. ఒకే బ్లేడుతో ఆరుగురం గడ్డం గీసుకున్న రోజులు నాకు గుర్తే. ఆ పని మీరు చేయకండి. అలాగని నీరసపడ్డ ప్రతివాడికీ ఇదే జబ్బు అనుకోవద్దు. రక్తహీనత కావచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

మావాడు మాత్రలు వాడాడు, వైరస్ పోయింది. అలసట మాత్రం ఒక్కరోజులో పోలేదు, నెమ్మదిగా తగ్గింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే "సోమరిపోతుని మాట్లాడుతున్నానురా" అంటాడు. వాడు నవ్వుతాడు, నాకే నవ్వు రాదు.