పాత సరకుల బండి: దాని రోగములు, చికిత్సలు

మన విద్యార్థులలో పెక్కుమంది యిండ్లకు చిన్న సరకుల బండియే జీవనాధారము. కూరగాయలను రైతుబజారునకును, చేపలను రేవునుండి పట్టణమునకును, సిమెంటును ఇల్లు కట్టు చోటికిని చేర్చునది యదియే. 2005వ సంవత్సరమున టాటావారు ఏస్ అను బండిని విడుదల చేసిరి. రెండు సిలిండర్లును, సుమారు 700 ఘనపు సెంటీమీటర్ల పరిమాణమును, 16 అశ్వముల బలమును గల డీజిలు ఇంజనుతో నది ముప్పాతిక టన్ను సరకును మోయగలిగెను. జనులు దానిని ఛోటా హాథీ యని పిలిచిరి. పది పదునైదేండ్లు నడచిన యిట్టి చిన్నబండ్లు నేటికిని మన మార్గములందు తిరుగుచున్నవి. మేమిచ్చట వివరింపబోవునవి యే యొక కంపెనీ బండికో చెందిన లోపములు కావు. వయస్సు మీరిన ప్రతి చిన్న డీజిలు బండికిని వచ్చు రోగములు.

బండి యాగినచో ఇంటి రాబడి యాగును. బ్రేకు పట్టనిచో ప్రాణములే పోవును. కావున దీనిని గూర్చి తెలిసికొనుట నడపువానికే గాక యింటిల్లిపాదికిని అవసరము. ముఖ్యసూత్ర మొక్కటే: చెడిన భాగమును మార్చుటకు ముందు, అది యేల చెడినదో కనుగొనవలెను. కారణమును విడిచి భాగమును మాత్రము మార్చినచో, క్రొత్త భాగమును త్వరలోనే చెడును. సొమ్ము రెండుమారులు వ్యయమగును.

మొదటిది వేడి. డీజిలు మండుటచే కలుగు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు వేడిమిగనే పోవును. అందు కొంత పొగతో వెడలును. కొంత నీరు గ్రహించి రేడియేటరునకు కొనిపోవును. రేడియేటరు మూతలో నొక స్ప్రింగు గలదు. అది లోపలి నీటిని ఒత్తిడియందుంచుటచే, 100 డిగ్రీలకు మరుగవలసిన నీరు సుమారు 120 డిగ్రీలవరకును మరుగదు. మూతలోని రబ్బరు ఎండి పగిలినచో ఒత్తిడి నిలువక నీరు పొంగిపోవును. కావున ఇంజను కాగుచున్నప్పుడు, మొదట నీటిమట్టము, పిదప మూత, గొట్టములు, బెల్టు, రేడియేటరు రెక్కలలోని మట్టి, థర్మోస్టాటు అను క్రమమున పరీక్షింపవలెను. ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడినను, రేడియేటరులో ఎడతెగక బుడగలు వచ్చినను, హెడ్డు గాస్కెట్టు చెడినదేమోయని యనుమానింపవలెను. అట్టి బండిని ఒక్క మైలైనను నడపరాదు. వేడిగానున్న మూతను తెరచుట దేహమును కాల్చుకొనుటయే. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు చిట్లవచ్చును. ఉప్పుబోరు నీటికి బదులు, శుద్ధజలముతో కలిపిన కూలెంటును వాడినచో లోపల పొరకట్టదు.

రెండవది, ఉదయమున స్టార్టు కాకుండుట. సెల్ఫు తిరుగకున్నచో బ్యాటరీని చూడవలెను. పూర్తిగా చార్జియైన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినచో దానిలో శక్తి యించుమించుగా ఖాళీయే. ఇంజను నడచుచున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపనిచో దోషము బ్యాటరీది కాక, దానిని చార్జి చేయు ఆల్టర్నేటరుదో, దాని బెల్టుదో కావచ్చును. తీగల కొనల యందలి తెల్లని పొరను వంటసోడా కలిపిన వేడినీటితో కడుగవలెను. సెల్ఫు తిరిగియు ఇంజను అందుకొననిచో, డీజిలు గొట్టములలో గాలి చేరియుండవచ్చును. ద్రవము నొక్కిన అణగదు, గాలి యణగును; కావున గాలి చేరిన గొట్టములో పంపు ఒత్తిడి వృథాయగును, నాజిలు తెరచుకొనదు. పాత బండ్లలో ఫిల్టరు వద్ద మరను వదులుచేసి, చేతిపంపును నొక్కుచు, బుడగలు లేని డీజిలు వచ్చువరకు గాలిని వెడలింపవలెను. ఆ గాలి యెచ్చటనుండి చొచ్చెనో చూడక విడిచినచో మరుసటి ఉదయమున మరల అదే పాటు.

పొగయు మనకు సమాచారము తెల్పును. నల్లని పొగ గాలి చాలలేదనియో, నాజిలు చెడినదనియో చెప్పును. నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నదని చెప్పును. తగ్గని తెల్లపొగ మండని డీజిలునో, లోనికి చేరిన నీటినో చూపును.

మూడవది క్లచ్చి. ఎత్తు నెక్కునప్పుడు ఇంజను రొద హెచ్చియు వేగము హెచ్చనిచో ప్లేటు జారుచున్నదని యర్థము. క్లచ్చిపై ఎల్లప్పుడు పాదముంచుట, కేబులునకు తగిన సందు లేకుండుట, అధికమైన బరువు — ఇవి కారణములు. ఈ యలవాటు మారనిచో క్రొత్త ప్లేటును నిలువదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బ్రేకు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 రకపు క్రొత్త నూనె 205 డిగ్రీలకు తక్కువగా మరుగరాదని నియమము. తేమ చేరినప్పుడు ఆ హద్దు 140 డిగ్రీలు మాత్రమే. ఘాటురోడ్డు దిగునప్పుడు బ్రేకులు కాగి, పాతనూనె మరిగి, ఆవిరి బుడగలు పుట్టినచో పెడలు అడుగంటిపోవును. అందుచే రెండేండ్లకొకమారు నూనెను మార్చవలెను. “మొదట పట్టకున్నను రెండవమారు త్రొక్కగా పట్టుచున్నది కదా” యని తృప్తిపడువారు కలరు. అది స్వస్థత కాదు, హెచ్చరిక. నూనె కారుటయో, గాలి చేరుటయో, షూలు అరుగుటయో జరిగియుండును. చక్రము లోపలి వైపు తడిగానున్నచో వీల్ సిలిండరు కారుచున్నదేమో చూడవలెను. డీజిలు మిగుల్చుటకై ఇంజను ఆపి వాలు దిగుట మిక్కిలి ప్రమాదకరము. బ్రేకునకు తోడ్పడు వాక్యూమును కల్పించు పంపు ఇంజనుతోడనే ఆగిపోవును. తగిన చిన్న గేరులో దిగుటయే క్షేమము.

ఐదవది బరువు. కమాను కట్టలోని పట్టీ విరిగినప్పుడు అదనపు పట్టీలు చేర్చి మరింత సరకు నెత్తుట కొందరి పద్ధతి. కమాను నిలిచినను, ఆ భారము చాసిసుమీదను, ఆక్సిలుమీదను, టైర్లమీదను, బ్రేకులమీదను పడును. సముద్రతీరమున తిరుగు బండి యడుగును మంచినీటితో కడుగుచుండనిచో ఉప్పు ఇనుమును తినివేయును.

నీరు, ఆయిలు, టైరుగాలి, బెల్టు, తీగల కొనలు — వీనిని ఇంటియొద్దనే చూచుకొనవచ్చును. బ్రేకు, స్టీరింగు, నాజిలు పనులను నేర్పుగల మెకానిక్కునకే యప్పగింపవలెను. విద్యార్థులారా, మీ యింట బండి యున్నచో నొక నోటుపుస్తకమును తెరచి, తేదీ, నడచిన కిలోమీటర్లు, కనబడిన లక్షణము, చేయించిన పని, దాని కారణము వ్రాసి యుంచుడు. మీ తండ్రిగారికి తీరిక లేకున్నను మీకు కలదు. మెకానిక్కు అడిగిన ప్రశ్నకు ఆ పుస్తకము సమాధానము చెప్పగలిగినచో, సగము చికిత్స యయినట్లే.