కమాను పట్టీకి బెజ్జం ఎందుకు పడదు?

మన హాస్టల్లో చదువుకున్న ప్రతి ఒక్కరం ట్రంకు పెట్టె మోసిన వాళ్లమే. గొళ్లెం ఊడిపోతే ఒక మేకు, ఒక రాయి తీసుకుని రేకుకు మళ్లీ బెజ్జం కొట్టుకున్న వాళ్లమే. రెండు దెబ్బలకు పని అయిపోయేది. ఇనుమంటే ఇంతేకదా అనే ధీమాతోనే నేను ఐ.టి.ఐ. ఫిట్టర్ పూర్తి చేసి, ఒక లారీ మరమ్మతుల షెడ్డులో హెల్పరుగా చేరాను.

చేరిన రెండో వారంలో ఒక పాత కమాను పట్టీ చేతికిచ్చి, 10 మి.మీ. బెజ్జం వేయమన్నారు. మిషను ఆన్ చేసి బలమంతా పెట్టి నొక్కాను. కీచుమని శబ్దం, ఆ వెంటనే పొగ. బిట్టు కొస కాలి మొద్దుబారిపోయింది. పట్టీ మీద మాత్రం అద్దంలా మెరిసే చిన్న మచ్చ మిగిలింది. అలా మూడు బిట్లు పోయాయి. వాటి ఖరీదు ఆ నెల జీతంలో కోసుకున్నారు. ఇంటికి పంపే డబ్బు ఎందుకు తగ్గిందో అమ్మకు ఉత్తరంలో ఏం రాయాలో తెలియక రెండు రోజులు తిరిగాను. ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు ఆ నెల రాకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ట్రంకు పెట్టె రేకులో కర్బనం చాలా తక్కువ, 0.1 శాతం అటూ ఇటూ. కమాను పట్టీలో 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడానే. కానీ ఈ కాస్త కర్బనం ఉన్న ఉక్కును 800 డిగ్రీలు దాటించి, ఒక్కసారిగా నూనెలో ముంచితే లోపలి అమరికే మారిపోతుంది. కర్బనం బయటికి రాలేక లోపల ఇరుక్కుపోతుంది. ఈ స్థితిని మార్టెన్‌సైట్ అంటారు. మన ఊళ్లో కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి సుయ్‌మని ముంచేది ఇందుకే. అయితే అలాగే వదిలేస్తే ఉక్కు గాజులా విరుగుతుంది. అందుకని మళ్లీ 400, 500 డిగ్రీల దాకా వేడిచేసి, కాస్త మెత్తబరుస్తారు. అప్పుడే పట్టీ వంగి మళ్లీ నిటారు కాగలదు. పాత కమాను పట్టీ కనబడితే కమ్మరి వదలకుండా గొడ్డలి చేసుకునేది కూడా ఈ ఉక్కు గుణం తెలిసే.

గట్టిదనాన్ని రాక్‌వెల్ 'సి' అనే కొలతతో చెబుతారు. కమాను పట్టీ 40 నుంచి 48 వరకు ఉంటుంది. గేరు పళ్లు, పిస్టన్ పిన్ను పైభాగం 60 దగ్గర. మనం వాడే మామూలు హెచ్.ఎస్.ఎస్. బిట్టు 62 నుంచి 65. అంటే కమాను పట్టీ కంటే నా బిట్టే గట్టిది! మరి బిట్టు ఎందుకు కాలింది? వేగం వల్ల. హెచ్.ఎస్.ఎస్. సుమారు 600 డిగ్రీలు దాటితే తన గట్టిదనం పోగొట్టుకుంటుంది. నేను మెత్తటి ఇనుముకు పెట్టే వేగంతోనే తిప్పాను.

ఐ.టి.ఐ.లో బట్టీపట్టిన సూత్రం ఒకటుంది కదా: కోత వేగాన్ని (నిమిషానికి మీటర్లలో) 1000తో గుణించి, 3.14తోనూ బిట్టు వ్యాసంతోనూ భాగించాలి. మెత్తటి ఇనుముకు కోత వేగం 25 మీటర్లు అనుకుంటే 10 మి.మీ. బిట్టు నిమిషానికి 800 చుట్లు తిరగాలి. గట్టి ఉక్కుకు 7 మీటర్లే. అంటే 220 చుట్లు. పరీక్ష కోసం చదివిన లెక్క షెడ్డులో జీతం కాపాడుతుందని అప్పుడు తోచలేదు.

పని మొదలుపెట్టే ముందు ఆకురాయి తీసి ఒక మూల రుద్ది చూడండి. కొరికితే నెమ్మదిగా బెజ్జం వేయవచ్చు. గాజు మీద జారినట్టు జారితే హెచ్.ఎస్.ఎస్. బిట్టు దండగ. అప్పుడు కార్బైడ్ బిట్టు కావాలి. అది ఎంత గట్టిదో అంత పెళుసు. చేతి డ్రిల్లుతో ఊగిసలాడితే పుటుక్కున విరుగుతుంది. వేడెక్కినప్పుడు నీళ్లలో ముంచినా పగులుతుంది. గేర్లు, పిన్నుల్లో చాలావాటికి పైన మిల్లీమీటరు మందాన పొర మాత్రమే గట్టి, లోపల మెత్తన. ఆ పొరను గ్రైండరు రాయితో తీసేస్తే తర్వాత మామూలు బిట్టే దిగుతుంది.

కమాను పట్టీలాంటి వాటికి కోబాల్ట్ కలిసిన బిట్టు మంచిది. కొస 118 డిగ్రీల బదులు 135 డిగ్రీలకు సాన పట్టాలి. కటింగ్ ఆయిల్ ధారగా పోయాలి. ఒత్తిడి ఆపకుండా ఇవ్వాలి. బిట్టు కోయకుండా ఊరికే రుద్దుకుంటుంటే అద్దం మచ్చ పడుతుంది, ఇక అక్కడ కోయడం మరీ కష్టం. ఆకురాయి జారిపోయే ఉక్కు మీద సెంటర్ పంచ్ కొట్టవద్దు, కొస చిట్లి కంట్లో పడుతుంది. బెజ్జం అవతలికి తేలే క్షణంలో బిట్టు పట్టుకుని జాబును గిర్రున తిప్పుతుంది కాబట్టి క్లాంపు తప్పనిసరి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. గ్లౌజులు మాత్రం వద్దు, బిట్టుకు చుట్టుకుంటే చెయ్యి కూడా పోతుంది.

ఇదంతా వచ్చాక నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. ఒక వ్యాను డ్రైవరు ఏదో బ్రాకెట్ బిగించుకోవడానికి పట్టీకి మధ్యకూ చివరకూ నడుమ బెజ్జం అడిగాడు. చక్కగా వేసిచ్చాను. మేస్త్రీ గారు కూడా "బాగా వేశావురా" అన్నారు. నెలన్నర తిరగకముందే పట్టీ సరిగ్గా ఆ బెజ్జం దగ్గరే విరిగి, బండి చెరువుకట్ట మీద ఒక పక్కకు ఒరిగిపోయింది. రోజూ బడిపిల్లలను ఎక్కించుకునే బండి అది. ఆ వేళ ఖాళీగా ఉంది.

లాగుతున్న పట్టీలో గుండ్రటి బెజ్జం ఉంటే దాని అంచు మీద పడే ఒత్తిడి మిగతా చోటు కంటే సుమారు మూడు రెట్లు ఉంటుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కగట్టాడు. బండి ఎగిరిన ప్రతిసారీ అక్కడ పగులు కాస్త కాస్త పెరుగుతుంది. మరి సెంటర్ బోల్టుకు మధ్యలో బెజ్జం ఉంటుంది కదా అని అడగవచ్చు. అక్కడ యు-బోల్టులు పట్టీలన్నిటినీ ఇరుసుకు బిగించి పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ భాగం పెద్దగా వంగదు. యు-బోల్టులు వదులైతే అది కూడా ఆ బెజ్జం దగ్గరే విరుగుతుంది. పైగా ఫ్యాక్టరీలో ఆ బెజ్జం ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే వేసి, తర్వాతే గట్టిపరుస్తారు.

కొందరు గ్యాస్ మంటతో ఆ చోటు ఎర్రగా కాల్చి, మెత్తబడ్డాక బెజ్జం వేస్తారు. గేటు గొళ్లానికైతే ఫర్వాలేదు. కమాను పట్టీకి, ఇరుసుకు, స్టీరింగు భాగాలకు ఆ పని చేయకూడదు. మళ్లీ ఫ్యాక్టరీలోలా గట్టిపరచడం మన షెడ్డులో కాదు. ఇంజను బ్లాకులో ట్యాపు విరిగి ఇరుక్కుంటే కూడా కాల్చి కెలక్కుండా, స్పార్క్ ఎరోజన్ మిషను ఉన్న చోటికి పంపండి. అది విద్యుత్ మెరుపులతో లోహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది, గట్టిదనంతో దానికి పని లేదు.

పట్టీకి ఏదైనా తగిలించాలని ఇప్పుడు నా దగ్గరికి వస్తే రెండు పక్కల నుంచి పట్టుకునే క్లాంపు చేసిస్తాను. బెజ్జం కంటే గంట ఎక్కువ పడుతుంది, డబ్బు కూడా కాస్త ఎక్కువే. బేరం కుదరక కొందరు పక్క షెడ్డుకు వెళ్తారు.